విప్పిన చెయ్యి

ఏదన్నా విరిగిందని తెలియగానే మన నోటివెంట ముందు వచ్చే ప్రశ్న 'ఎవరు విరగ్గొట్టారు?' అని. 'ఎప్పుడు విరిగింది?' అని అడిగేవాళ్లు తక్కువ. ఈ రెండు ప్రశ్నలకీ మధ్య ఎంత దూరం ఉందో స్త్రీలకి బాగా తెలుసు. ఇరవై ఏళ్లు దెబ్బలు తిన్న మనిషి ఒకరోజు నోరు విప్పితే 'పచ్చని సంసారంలో చిచ్చు పెట్టుకుంది' అంటారు. పనిచేసే చోట వేధింపుల గురించి ఫిర్యాదు రాసిన అమ్మాయిని 'సంస్థ పరువు తీసింది' అంటారు. అప్పటిదాకా అంతా సవ్యంగా ఉన్నట్టూ, ఆమె మాటతోనే అది చెడిపోయినట్టూ!

దీని గురించి స్త్రీవాదులు చాలా రాశారు. నేనిక్కడ ఈ ప్రశ్నని ఒక చిన్న వస్తువు దగ్గర పెట్టి చూద్దామనుకుంటున్నాను. అమెరికాలో ఆర్వీ అని పిలుచుకునే చక్రాల ఇంటికి ఉండే తుప్పు పట్టిన స్క్రూ అది. నవ్వొచ్చినా కాస్త ఓపిక పట్టండి. నైతిక ప్రశ్నలు అన్నిసార్లూ పెద్ద వేదికల మీదే ఎదురుకావు. ఒక్కోసారి నిచ్చెనెక్కి, మెడ నొప్పెట్టేలా తలపైకెత్తి చేసే పనిలో కూడా ఎదురవుతాయి.

ఆర్వీ అంటే రిక్రియేషనల్ వెహికల్. కొన్నిటికి సొంత ఇంజను ఉంటుంది. కొన్నిటిని పికప్ ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్తారు, వాటిని ట్రైలర్లంటారు. లోపల మంచం, పొయ్యి, సింకు, టాయిలెట్ అన్నీ ఇరుగ్గా ఇమిడి ఉంటాయి. అమెరికాలో తయారయ్యే ఆర్వీల్లో అత్యధిక భాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్ పట్టణం, ఆ చుట్టుపక్కల నుంచే వస్తాయి.

పేరులో వినోదం ఉంది. ఎవరికి వినోదం అన్నది వేరే సంగతి. 1954లో లూసిల్ బాల్ నటించిన 'ది లాంగ్, లాంగ్ ట్రైలర్' అనే హాస్య చిత్రం వచ్చింది. అందులో కొత్త పెళ్లికొడుకు కారు నడుపుతుంటే, వెనక కదిలే ట్రైలర్లో పెళ్లికూతురు వంట చెయ్యబోయి పిండీ కూరగాయలతో సహా గోడలకేసి కొట్టుకుంటూ ఉంటుంది. ప్రేక్షకులు పడీ పడీ నవ్విన దృశ్యం అది. ఇల్లు చక్రాలెక్కి ఎక్కడికి పోయినా వంటగది మాత్రం ఆమెకే ఉండిపోయిందన్నది ఆ నవ్వులో కలిసిపోయింది.

అరవై ఏళ్ల తర్వాత ఆ ట్రైలర్ కథ మారింది. జెస్సికా బ్రూడర్ 2017లో ప్రచురించిన 'నోమాడ్‌లాండ్' చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఇళ్లూ, దాచుకున్న డబ్బూ పోగొట్టుకుని, వ్యాన్లలో, ట్రైలర్లలో బతుకుతూ బీట్ దుంపల కోతకీ, గిడ్డంగుల్లో పనికీ, క్యాంపు స్థలాల్లో మరుగుదొడ్లు కడగడానికీ ఊరూరా తిరిగే పెద్ద వయసు మనుషుల గురించిన పుస్తకం అది. వాళ్లలో ఒంటరి స్త్రీలు చాలామంది ఉన్నారు. జీవితమంతా తక్కువ జీతాలకి పనిచేసి, మధ్యలో పిల్లల కోసమో పెద్దవాళ్ల కోసమో ఉద్యోగాలు మానుకున్న స్త్రీలకి చివర్లో వచ్చే పింఛను కూడా తక్కువే కదా. ఆ పుస్తకం ఆధారంగా క్లోయీ జావ్ తీసిన సినిమాకి 2021లో ఉత్తమ చిత్రంగా, ఉత్తమ దర్శకత్వానికి ఆస్కార్లు వచ్చాయి. అలాంటి స్త్రీకి ట్రైలర్ పైకప్పు కారడం అంటే సెలవుల సరదా చెడటం కాదు, ఉన్న ఒక్క ఇల్లూ పోవడం.

ఇక స్క్రూ సంగతి. తక్కువ ధరకి దొరికే పాత ట్రైలర్లలో చాలావాటికి గోడ లోపల సన్నటి చెక్క చట్రం, బయట పల్చటి అల్యూమినియం రేకు ఉంటాయి. గోడా పైకప్పూ కలిసే మూల పొడుగునా ఒక అల్యూమినియం పట్టీ వేసి, కొన్ని అంగుళాలకొకటి చొప్పున స్క్రూలతో చెక్కలోకి బిగిస్తారు. పట్టీ కింద నీళ్లు దిగకుండా బ్యూటైల్ అనే బంక టేపు వేస్తారు. స్క్రూ తలలు కనబడకుండా పట్టీకున్న గాడిలో వినైల్ రిబ్బను దూరుస్తారు. చూడటానికి నీటుగా ఉంటుంది.

ఎండకి ఆ వినైల్ ఏటేటా కుంచించుకుపోతుంది. బంక టేపు ఎండి గట్టిపడుతుంది. బండి రోడ్డు మీద ఉన్నంతసేపూ ఇల్లంతా ఊగుతూ ఉంటుంది కాబట్టి అతుకులు కొంచెం కొంచెంగా వదులవుతాయి. వాన నీరు స్క్రూ పక్కనుంచి సన్నగా లోపలికి దిగుతుంది. స్క్రూ మీది జింకు పూత ముందు పోతుంది, తర్వాత ఉక్కుకి తుప్పు పడుతుంది. గాలి తగలని చోట తడిసిన చెక్క తొందరగా ఆరదు. ఆ తడి స్క్రూని తింటుంది, ఆ స్క్రూ పక్కనుంచే ఇంకా తడి దిగుతుంది. కొన్నేళ్లకి స్క్రూ తల ఉన్నచోటే ఉంటుంది. తల కింద మెడ మాత్రం సూదిలా సన్నబడిపోతుంది. అయినా రిబ్బను కింద ఉన్నంతకాలం ఎవరికీ ఏమీ తెలియదు.

నాకు తెలిసిన ఒక పెద్దావిడ అలాంటి ట్రైలర్లోనే ఉంటుంది. స్కూలు లైబ్రరీలో పనిచేసి రిటైరైంది. మంచం పక్క గోడ మీద తేమ మరక కనిపిస్తే, బయట రిబ్బను లాగేసి స్క్రూలు విప్పడం మొదలుపెట్టింది. పదకొండింటిలో ఆరు స్క్రూల తలలు తిప్పీ తిప్పగానే ఊడి చేతిలోకొచ్చాయి. పక్క ట్రైలర్లలోని మగవాళ్లు ముగ్గురు వచ్చి చూశారు. 'బాగానే ఉన్నదాన్ని ఎందుకు కదిలించారు?' అన్నాడు ఒకాయన. ఆవిడ ఏమీ అనకుండా పట్టీ ఎత్తి లోపల వేలు పెట్టి చూడమంది. చెక్క తడిసిన అటుకుల్లా వేలికి అంటుకొచ్చింది.

ఆ స్క్రూలు ఆవిడ చేతిలో విరిగాయన్నది నిజమే. ఆవిడ విరగ్గొట్టిందన్నది నిజం కాదు. అవి ఎన్ని వానల కిందటో విరగడం మొదలుపెట్టాయి. ఆవిడ చెయ్యి పడ్డరోజు అది బయటపడింది, అంతే. ఈ తేడా తెలియక ఆ మగవాళ్లు అలా అన్నారని నేను అనుకోను. యంత్రాల సంగతి వాళ్లకి బాగానే తెలుసు. కానీ పైకి కనిపించే నీటుదనాన్ని 'బాగుండటం' అనుకోవడం ఎంత అలవాటైపోయిందంటే, దాన్ని కదిలించిన చెయ్యే నేరం చేసినట్టు కనిపిస్తుంది. కుటుంబం, ఆఫీసు, ఉద్యమ సంస్థ, ఏదైనా ఇంతే. రిబ్బను ఎంత నీటుగా ఉంటే, లాగినవాళ్ల తప్పు అంత పెద్దదవుతుంది.

విరిగిందని తెలిశాక ఏం చెయ్యాలి? అక్కడికి వచ్చినవాళ్లు ఆవిడకి మూడు సలహాలిచ్చారు. సిలికాన్ పూసెయ్యమన్నారొకరు. విరిగినదాన్ని అలాగే వదిలేసి పక్కనే ఇంకాస్త లావు స్క్రూ బిగించమన్నారింకొకరు. ఎవరికైనా అమ్మేసి వదిలించుకోమన్నారు మూడోవారు. ఈ మూడూ మనకి కొత్తవి కావు. కప్పిపెట్టు, లేదా బలవంతంగా నిలబెట్టు, లేదా నీ చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి నెట్టు. మూడో సలహా నీతి ఏమిటో ఆలోచించండి. ఆ ట్రైలర్‌ని చవగ్గా కొనేది కూడా దాదాపు ఆవిడలాంటి మనిషే అయి ఉంటుంది.

సిలికాన్ గురించి ఆర్వీలు బాగుచేసేవాళ్లు గట్టిగా చెప్పే మాట ఒకటుంది. అది ఒకసారి పూశాక ఆ చోట ఇంకే సీలెంటూ సరిగ్గా అంటుకోదు, కొత్త సిలికాన్ కూడా పాతదాని మీద నిలవదు. తర్వాతెప్పుడో అసలు పని చెయ్యాలంటే ముందు గంటలకొద్దీ ఆ పూతని గీకాలి. 'సర్దుకుపో' అన్న సలహా సరిగ్గా ఇలాంటిదే. అది సమస్యని తీర్చకపోవడమే కాదు, తర్వాత వచ్చే నిజమైన పరిష్కారం కూడా అంటుకోకుండా చేస్తుంది. ఇన్నాళ్లూ సర్దుకున్నావు కదా, ఇప్పుడేమొచ్చింది అని అడగడానికి ఆ పాత పూతే సాక్ష్యమవుతుంది.

విరిగిన ముక్కని తీయడానికి పద్ధతులున్నాయి. ముక్క కొంచెం పైకి పొడుచుకుని ఉంటే, బిగించి పట్టుకునే గ్రిప్ ప్లయర్‌తో పట్టి నెమ్మదిగా వెనక్కి తిప్పాలి. తుప్పుని వదులుచేసే నూనె వేసి ఆగాలి. చాలామంది చెయ్యలేనిది ఈ ఆగడమే. ముక్క చెక్కతో సమానంగా తెగిపోయి ఉంటే, పళ్లున్న బోలు గొట్టంలాంటి బిట్టుతో దాని చుట్టూ ఉన్న చెక్కతో సహా తొలిచి తీసి, ఆ బెజ్జంలో గుండ్రటి చెక్క బిరడా జిగురుపెట్టి దిగగొట్టాలి. లోహంలో విరిగితే ఎడమవైపుకి తిరిగే డ్రిల్ బిట్టు వాడతారు. ఒక్కోసారి తొలిచే ఊపుకే ముక్క బయటికొచ్చేస్తుంది. అదీ కాకపోతే ఎక్స్‌ట్రాక్టర్ అనే పనిముట్టు ఉంది. దాంతో జాగ్రత్తగా ఉండాలి. అది చాలా గట్టి ఉక్కు, కానీ పెళుసు. బలవంతం చేస్తే బెజ్జంలోనే విరిగిపోతుంది. అప్పుడు పాత ముక్కకంటే దాన్ని తీయడం ఇంకా కష్టం.

విరిగినదాన్ని తీయడానికి వాడే బలం కొత్తగా ఇంకోటి విరగ్గొట్టకూడదన్న ఈ జాగ్రత్త, నాకు పనిముట్ల గురించిన సూచనగానే ఆగిపోలేదు. విచారణ కమిటీల్లో, కోర్టుల్లో న్యాయం కోసం వెళ్లిన స్త్రీలని అదే ప్రశ్న పదిసార్లు, పదిమంది ముందు అడగడం మనం చూస్తూనే ఉన్నాం. తీయడానికి వచ్చిన పనిముట్టే లోపల విరిగిపోవడమంటే అదే.

మరి ఈ పని ఎవరిది? ఇక్కడ ఇంకో ప్రశ్న వస్తుంది. బాగుచేయడం స్త్రీలకి కొత్త కాదు. అమెరికన్ తాత్త్వికురాలు ఎలిజబెత్ స్పెల్మన్ 2002లో 'రిపేర్' అనే పుస్తకం రాసింది. మోటారు మెకానిక్కుల పని నుంచి చిత్రాల సంరక్షణ దాకా, క్షమాపణలూ న్యాయమూ దాకా మనుషులు చేసే బాగుచేతలన్నిటినీ కలిపి చూసిన పుస్తకం అది. ఇల్లే ఒక రిపేరు షాపు అంటుందావిడ. నలిగిన మనసులూ, తెగిన సంబంధాలూ అతికే పని అందులో ఎక్కువగా స్త్రీల మీదే పడుతుంది. జోన్ ట్రోంటో, బెరెనీస్ ఫిషర్ 1990లో సంరక్షణని నిర్వచిస్తూ, మన లోకాన్ని నిలబెట్టుకోవడం, కొనసాగించడం, బాగుచేయడం అన్నీ అందులోకే వస్తాయన్నారు. అంటే మనుషులని బాగుచేసే పని అంతా మనకి అప్పజెప్పి, వస్తువులని బాగుచేసే పనిముట్లు మాత్రం మన చేతికి దూరంగా ఉంచారన్నమాట. తెలుగులో రెండిటికీ ఒకటే మాట. జ్వరం వచ్చిన పిల్లాణ్నీ బాగుచేస్తాం, చెడిపోయిన మిక్సీనీ బాగుచేస్తాం. మొదటిదాన్ని స్వభావం అంటారు, రెండోదాన్ని నైపుణ్యం అంటారు. నైపుణ్యానికి కూలి ఉంటుంది. స్వభావానికి పొగడ్త ఉంటుంది.

ఈ విభజన ఎలా నిలుస్తుందో సింథియా కాక్‌బర్న్ 1983లో వచ్చిన 'బ్రదర్స్' పుస్తకంలో లండన్ పత్రికల్లో అచ్చు కూర్చే మగ కార్మికులని దగ్గరగా చూసి వివరించింది. నైపుణ్యం అనేది చేతుల్లో ఎంత ఉంటుందో, ఆ చేతులు ఎవరివన్న దాంట్లో కూడా అంత ఉంటుందని ఆ పుస్తకం చదివితే అర్థమవుతుంది. ఐరిస్ మేరియన్ యంగ్ 1980లో రాసిన 'త్రోయింగ్ లైక్ ఎ గర్ల్' వ్యాసం దీన్ని శరీరం దాకా తీసుకెళ్లింది. ఆడపిల్లలు బంతి విసిరేటప్పుడు ఒళ్లంతా పెట్టరు, చెయ్యి ఒక్కటే కదిలిస్తారు. అది కండబలం లేక కాదు, తమ శరీరాన్ని తాము నమ్మకుండా పెరిగినందువల్ల. స్క్రూ విప్పడంలోనూ ఇది కనిపిస్తుంది. మనం స్టార్ అని పిలిచే ఫిలిప్స్ స్క్రూ 1930లలో వాడుకలోకి వచ్చింది. దాన్ని తిప్పేటప్పుడు వెనకనుంచి భుజం బరువంతా వేసి నొక్కకపోతే స్క్రూడ్రైవర్ జారి తల అరిగిపోతుంది. దానికంటే ముందే, 1908లో కెనడాలో రాబర్ట్‌సన్ రూపొందించిన చతురస్రపు గాడి స్క్రూ అంత తేలిగ్గా జారదు. అమెరికన్ ఆర్వీల్లో ఇది చాలాచోట్ల కనిపిస్తుంది. అంటే ఆడవాళ్లకి చేతకాదన్నచోట కొంత పనిముట్టు తీరూ ఉంది, కొంత నొక్కడం ఎవరూ నేర్పకపోవడమూ ఉంది. 'ఇలా ఇవ్వండి, నేను చేస్తాను' అంటూ ప్రేమగా చేతిలోంచి డ్రిల్లు తీసుకునే మనిషి ఆ నేర్పని కాలాన్ని ఇంకొంత పొడిగిస్తాడు. అందులో దురుద్దేశం లేకపోవచ్చు. ఫలితం మాత్రం మారదు. 1991లో మొదలైన 'ఆర్వీయింగ్ విమెన్' లాంటి స్త్రీల బృందాల అవసరం ఇక్కడ అర్థమవుతుంది. పక్కన నిలబడి చూపించి, డ్రిల్లు మాత్రం మన చేతిలోనే ఉంచే మనుషులు కావాలి.

అయితే స్త్రీ స్క్రూడ్రైవర్ పట్టుకోగానే విముక్తి వచ్చేసిందని చప్పట్లు కొట్టడం నాకు ఇష్టం లేదు. ఆ స్క్రూ తుప్పు పట్టడానికి కారణాలు ఆవిడ నిచ్చెన దగ్గర లేవు. చవక పూత వేసిన స్క్రూ ఎంచుకున్నది ఎవరు? ఎన్ని బళ్లు బయటికి పంపితే అంత కూలి అనే పద్ధతి ఉన్న కర్మాగారంలో, గాలి తుపాకీతో క్షణానికో స్క్రూ దించే కార్మికుణ్ని అంత తొందరపెట్టింది ఎవరు? అతని చేతికి ఇంకో రెండు నిమిషాలు దొరికి ఉంటే ఈవిడకి రెండు రోజుల పని తప్పేది. ఆ రెండు రోజులు ఏ కంపెనీ లెక్కలోనూ ఖర్చుగా కనిపించవు. ఇంటి చాకిరీ లాగే ఇదీ ఎవరికో లాభంగా మారిన, కూలి లేని పని. ఎవరి రిపేరు వాళ్లే చేసుకోవాలన్న మాటలో స్వేచ్ఛ ఎంత ఉందో, పెద్దవాళ్లు తమ బాధ్యతని చిన్నవాళ్ల మీదికి దించుకోవడమూ అంతే ఉంది. కొలరాడో రాష్ట్రం 2022లో మోటారు వీల్‌చైర్ల మీద చట్టం చేసి, విడిభాగాలూ సమాచారమూ తయారీదారులు ఇచ్చి తీరాలంది. బాగుచేసుకోవడాన్ని సరదాగా కాక హక్కుగా చూడటం అంటే అలాంటిది. పనిముట్టు మన చేతికి రావాలి, బాధ్యత వాళ్ల మెడ మీద ఉండాలి. రెండిటిలో ఒకటే అడిగితే మోసపోతాం.

విరిగిన ప్రతి ముక్కనీ తవ్వి తీయాల్సిందేనా? ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసిన ప్రశ్న. అనుభవం ఉన్నవాళ్లు కాదంటారు. ముందు సన్నటి మొన ఉన్న పనిముట్టుతో చెక్కని పొడిచి చూస్తారు. చెక్క గట్టిగా, పొడిగా ఉంటే, లోతుగా ఉండిపోయిన ముక్క ఏ హానీ చెయ్యదు. దాన్ని అక్కడే వదిలేసి, అంగుళం పక్కన కొత్త బెజ్జం చేస్తారు. చెక్క మెత్తబడి ఉంటే మాత్రం ముక్క తీసినా చాలదు. పుచ్చిన భాగాన్ని కోసేసి కొత్త చెక్క అతకాలి. పైకి చూస్తే మొదటిదీ, 'పక్కన లావు స్క్రూ బిగించెయ్' అన్న సలహా ఒకటేలా ఉంటాయి. రెండిటికీ మధ్య ఉన్నదల్లా ఆ పొడిచి చూడటం.

గాయాల గురించి మనం తరచూ రెండే మాటలు వింటాం. అన్నీ తవ్వి తీయాలని ఒకటి, అన్నీ మర్చిపోవాలని ఇంకొకటి. కొందరు స్త్రీలు జరిగినదాన్ని ఎప్పటికీ ఎవరికీ చెప్పకుండానే నిండుగా బతుకుతారు. వాళ్లని పిరికివాళ్లనడానికి మనకి హక్కు లేదు. లోపల ముక్క ఉందా లేదా అన్నది కాదు, చుట్టూ ఉన్న చెక్క ఇంకో స్క్రూని పట్టుకోగలదా లేదా అన్నదే అసలు సంగతి. ఆ పరీక్ష చేయాల్సింది, ఆ నిర్ణయం తీసుకోవాల్సింది ఆ ఇంట్లో ఉండే మనిషి. పక్క ట్రైలర్ల వాళ్లు కాదు. సిద్ధాంతం బాగా తెలిసిన మనలాంటివాళ్లమూ కాదు.

కొత్త స్క్రూ పెట్టడానికీ ఒక తీరుంది. తుప్పు పట్టని ఉక్కుది ఎంచుకోవాలి. అల్యూమినియం పక్కన అది కూడా నీళ్లు చేరితే ఇబ్బందే, ఈసారి తినబడేది అల్యూమినియం. కాబట్టి లోహం మంచిదైతే చాలదు, తడి దిగకుండా కొత్త బంక టేపు వెయ్యాలి. ముందుగా సన్నటి బెజ్జం చేసుకోవాలి. చివరి చుట్లు మిషనుతో కాకుండా చేత్తోనే తిప్పాలి, ఎందుకంటే చెక్క ఇక చాలంటున్న సంగతి చేతికే ముందు తెలుస్తుంది. అతిగా బిగిస్తే చెక్కలో మరలు చెడిపోయి స్క్రూ ఊరికే తిరుగుతుంది. గట్టిగా పట్టుకోవడం, అతిగా బిగించడం ఒకటి కాదు.

అక్కడితో అయిపోదు. కొన్ని రోజులు ఎండ తగిలాక బంక టేపు నలిగి, అణిగి స్క్రూలు కొంచెం వదులవుతాయి. మళ్లీ నిచ్చెనెక్కి ఒక్కొక్కదాన్నీ ఇంకొంచెం బిగించాలి. ఆ తర్వాత ఏడాదికోసారైనా రిబ్బను తీసి చూడాలి. 1969లో మియెర్లే లాడర్మన్ యూకెలిస్ అనే అమెరికన్ కళాకారిణి, తల్లయిన కొత్తలో, నిర్వహణ కళ గురించి ఒక ప్రణాళిక రాసింది. కొత్తది సృష్టించేవాళ్లకే గౌరవమంతా దక్కే లోకంలో, ఉన్నదాన్ని రోజూ తుడిచి, కడిగి, నిలబెట్టే పని కూడా కళేనని ప్రకటించింది. ఏడాదికోసారి రిబ్బను తీసి చూసే పని ఆ కోవలోదే. అందులో ప్రారంభోత్సవం ఉండదు, ఫొటోలుండవు.

మన ఇళ్లలో, సంస్థల్లో, మన సాహిత్య బృందాల్లో కూడా ఈ పని ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. ఏమీ విరగకముందే అడుగుతారు, మరక కనిపించకముందే పట్టీ ఎత్తి చూస్తారు. వాళ్లని అనుమానపు మనుషులనీ, బాగున్నదాన్ని కెలుకుతారనీ అనడం మానడానికి పెద్ద సిద్ధాంతమేమీ అక్కర్లేదు. వాళ్ల వెనకాల నిచ్చెన కదలకుండా పట్టుకుంటే చాలు.